ఉత్తరానికి తగిన కాగితం ఎంచుకోవడం

ఉత్తరాల కోసం కాగితం కొనేటప్పుడు చాలామంది ముందు రంగు చూస్తారు, తరువాత అంచున ఉన్న పూలు చూస్తారు. నిజానికి మొదట చూడవలసింది ఆ కాగితం మీ కలానికి సరిపడుతుందా లేదా అన్నదే. బాల్‌పెన్నుతో రాసేవారికి దాదాపు ఏ కాగితమైనా పనికివస్తుంది కాబట్టి, ఈ జాగ్రత్తలు ముఖ్యంగా సిరా కలం వాడేవారికి.

తయారీలో గంజివంటి పదార్థం తగినంత పట్టించని కాగితం సిరాను అద్దుడు కాగితంలా పీల్చుకుంటుంది, గీత పక్కలకు పాకుతుంది. గుండ్రని మన లిపికి ఇది పెద్ద చిక్కు: ద, ధలకూ ప, ఫలకూ తేడా అడుగున ఉండే చిన్న గీతే కనుక అది చెదిరితే అక్షరమే మారిపోతుంది, వత్తులు ముద్దయిపోతాయి. అందువల్ల దుకాణంలో ఒక షీటు అడిగి తీసుకుని, మీ కలంతోనే 'ధ', 'ఫ', 'స్త్రీ', 'లక్ష్మి' అని రాసి, అర నిమిషం ఆగి అంచులు పరిశీలించండి. తిప్పి చూస్తే వెనక సిరా చుక్కలు కనిపించకూడదు. చేతితో చేసిన కాగితం ఎంత అందంగా ఉన్నా ఈ పరీక్ష లేకుండా కొనకండి.

మందాన్ని జీఎస్‌ఎంలో, అంటే చదరపు మీటరుకు ఎన్ని గ్రాములన్న లెక్కలో చెబుతారు. జిరాక్సు కాగితం సాధారణంగా 70 నుంచి 80 ఉంటుంది. రెండు వైపులా రాయాలంటే 100 మేలు. అయితే 100 జీఎస్‌ఎం ఏ4 షీటు ఒక్కొక్కటి ఆరుంబావు గ్రాములు తూగుతుంది. మన తపాలా శాఖ ఉత్తరాలకు 20 గ్రాముల చొప్పున ఛార్జీ లెక్క కడుతుంది కనుక, మూడు షీట్లు పెట్టి కవరు అంటించేసరికి మొదటి మెట్టు దాటిపోతుంది. నాలుగు మాటల చీటీకి ఏ5 (148 × 210 మి.మీ.) చాలు, ఒక్క మడతతో 114 × 162 మి.మీ. కవరులో ఇమిడిపోతుంది.

గీతల్లేని కాగితమే హుందాగా ఉంటుంది. పైన గుడులకూ కింద వత్తులకూ చోటు కావాలి కాబట్టి, వేరే కాగితంపై 10 మి.మీ. ఎడంతో నల్లగా గీతలు గీసి అడుగున పెట్టుకుని రాయండి.

శుభవార్త రాసి నాలుగు మూలలా పసుపు పెట్టే అలవాటుంటే లేత గోధుమ రంగు కాగితం కన్నా తెలుపే నప్పుతుంది. పసుపును మరీ పలచగా కలపకుండా వేలి కొసతో అద్ది, ఆరిన తరువాతే మడవండి.