ఆకలి పురుగు పుస్తకం, మా నిమ్మచెట్టు

పొదలకూరులో మా పెరట్లో రెండు నిమ్మచెట్లున్నాయి. మూడేళ్ల మనవడికి నేను చూపించే బొమ్మల పుస్తకం ఒక్కటే, ఎరిక్ కార్ల్ 1969లో చేసిన ఆకలి గొంగళిపురుగు కథ. చిన్నపిల్లలకు పది పుస్తకాలకన్నా ఒకటే పదిసార్లు చూపించడం మేలని నా నమ్మకం.

పుస్తకం తెరవగానే చదవడం మొదలుపెట్టకండి. ముందు చేతికివ్వండి. మావాడు రెండు రోజులు పేజీల్లో ఉండే బొక్కల్లో వేలు దూర్చడమే పనిగా పెట్టుకున్నాడు. దూర్చనిచ్చాను. పురుగు సోమవారం ఒక ఆపిల్, మంగళవారం రెండు పియర్ పండ్లు, అలా శుక్రవారానికి ఐదు నారింజలు తింటుంది. తిన్న పండుకల్లా ఒక బొక్క. వేలు పెడుతుంటే లెక్క దానంతటదే వస్తుంది.

ఇంగ్లీషు మాటలని టెన్షన్ వద్దు. ముందురోజు రాత్రి మీరు చదువుకుని, మన మాటల్లో చెప్పండి. "ఒక ఆపిల్ తినింది. ఆకలి తీరిందా?" అని ఆగండి. ఆ ఆగడం చాలా ముఖ్యం. "తీర్లా!" అని మావాడు అరుస్తాడు. రోజూ అవే మాటలు చెప్పండి, ఒకటి మారినా పట్టేస్తారు. పండ్ల పేర్లు మార్చకండి. ప్లమ్‌ను రేగిపండు అన్నాను, "రేక్కాయ ఇట్ట ఉండదు జేజీ" అన్నాడు. అప్పట్నుంచి ప్లమ్ అనే చెప్తున్నా.

శనివారం కేకూ ఐస్‌క్రీమూ తిని కడుపునొప్పి తెచ్చుకున్న పురుగు, ఆదివారం ఒక పచ్చటి ఆకు తింటుంది. ఆ పేజీ దగ్గర పెరట్లోకి తీసుకెళ్లాను. నిమ్మాకు మీద చిన్న పురుగులు పిట్టరెట్టలా ఉంటాయి, పెద్దయ్యాక ఆకుపచ్చగా మారతాయి. తాకితే తల వెనక నుంచి కొమ్ముల్లాంటివి బయటపెట్టి ఘాటు వాసన వదులుతాయి. అందుకని చూడటమే, ముట్టుకోవద్దు. తోట ఉన్నవాళ్లు పిల్లల కోసం ఒక చెట్టుకైనా మందు కొట్టకుండా వదలండి.

పుస్తకంలో పురుగు తన చుట్టూ గూడు కట్టుకుంటుంది. మా నిమ్మచెట్టు పురుగు అట్లా కట్టదు, నడుముకు ఒక దారం బిగించుకుని పాత తోలు విడుస్తుంది. "ఇది దుప్పటి కప్పుకోదు, చొక్కా విప్పుతుంది" అని చెప్పాను. పుస్తకం, చెట్టు రెండూ చూపించి, తేడా వాణ్నే వెతకమన్నాను.

కొనేటప్పుడు మందం అట్ట పేజీలదే అడగండి. పల్చటి కాగితమైతే బొక్కల దగ్గరే ముందు చిరుగుతుంది.