సింపై చేసిన లెక్కను అచ్చుకు తగ్గ సూత్రంగా రాయించడం

సమాకలన సమస్యల సంకలనం ఒకటి తయారుచేస్తూ, మొదటి నలభై జవాబులను తెర మీద చూసి చేత్తో టైపు చేశాను. మూడు చోట్ల ఘాతాంకం తప్పు పడింది. అచ్చులో తప్పుంటే చదివే పిల్లలు అది తమ తప్పే అనుకుని గంటల తరబడి తంటాలు పడతారు. అందుకే ఇప్పుడు లెక్క చేసిన ప్రోగ్రామ్ చేతే సూత్రమూ రాయిస్తున్నాను.

సింపై అంటే పైథాన్‌లో గుర్తులతో గణితం చేసే లైబ్రరీ. అందులో ‘లేటెక్స్’ అనే ఫంక్షన్ ఉంది. దానికి ఏ గణిత సమాసం ఇచ్చినా, సూత్రాలను అచ్చుకు కూర్చే లేటెక్స్ భాషలోని కోడ్‌ను స్ట్రింగ్‌గా, అంటే అక్షరాల వరుసగా, తిరిగి ఇస్తుంది. ఆ స్ట్రింగ్‌ను ఫైలులో రాసుకోవడమే అసలు పని. అయితే సమాసాన్ని సరిగా నిర్మించకపోతే సూత్రమూ సరిగా రాదు. సగాన్ని ఒకటి బై రెండు అని రాస్తే, సింపై చూడకముందే పైథాన్ దాన్ని 0.5 చేసేస్తుంది. భిన్నం భిన్నంగానే ఉండాలంటే ‘రేషనల్’ వాడండి.

ప్రశ్న, జవాబు రెండూ కావాలంటే చిన్న అక్షరంతో మొదలయ్యే ‘ఇంటిగ్రేట్’ పనికిరాదు, అది వెంటనే లెక్క చేసేస్తుంది. పెద్ద అక్షరంతో మొదలయ్యే ‘ఇంటిగ్రల్’ సమాకలనిని అలాగే నిలిపి ఉంచుతుంది. దాని మీద ‘డూఇట్’ పిలిస్తే జవాబు వస్తుంది. నేను రెండింటినీ విడివిడిగా లేటెక్స్‌లోకి మార్చి, మధ్యలో సమాన చిహ్నం చేరుస్తాను.

ఎక్స్ లాగ్ ఎక్స్‌నే తీసుకోండి. ఎక్స్ వర్గం లాగ్ ఎక్స్ బై 2, మైనస్ ఎక్స్ వర్గం బై 4 అని వస్తుంది. ఇందులో రెండు సవరణలు కావాలి. సహజ సంవర్గమానాన్ని సింపై ‘లాగ్’ అనే రాస్తుంది. ‘ఎల్ఎన్ నొటేషన్’ను ట్రూ చేస్తే ‘ఎల్ఎన్’ అవుతుంది. స్థిరాంకం ‘సి’ని సింపై కలపదు. దాన్ని గుర్తుగా సమాసంలో చేరిస్తే వరుస మారి ‘సి’ ముందుకు వచ్చి కూర్చుంటుంది. అందుకే లేటెక్స్ స్ట్రింగ్ తయారయ్యాక దాని చివర ‘ప్లస్ సి’ అతికిస్తాను.

చేత్తో రాసే లేటెక్స్ ముక్కల ముందు ‘ఆర్’ పెట్టడం మరవకండి. అది లేకపోతే థీటా కమాండ్‌లోని వెనుక గీత, ‘టి’ కలిసి ట్యాబ్‌గా మారిపోతాయి. పేజీలో ‘హెచ్ఈటీఏ’ అన్న నాలుగు అక్షరాలే మిగులుతాయి. విలువలను మధ్యలో పొదగనిచ్చే ఎఫ్-స్ట్రింగ్ వాడితే మీసాల బ్రాకెట్లను రెండేసి రాయాలి. ఆ గొడవ వద్దనుకుని నేను ముక్కలను ప్లస్‌తోనే కలుపుతాను.

వెబ్ పేజీకైతే, బ్రౌజర్‌లో సూత్రాలు చూపే మ్యాథ్‌జాక్స్ ఈ లేటెక్స్‌నే చదువుకుంటుంది. వర్డ్ ఫైలు కావాలంటే ఫైళ్ల రూపం మార్చే పాండాక్‌కు ఇవ్వండి, సూత్రాలు దిద్దుకోవడానికి వీలున్న సమీకరణాలుగానే వస్తాయి. బొమ్మ కావాలంటే సింపైలోనే ‘ప్రివ్యూ’ ఉంది, కానీ కంప్యూటర్లో లేటెక్స్ సాఫ్ట్‌వేర్ కూడా ఉండాలి. బొమ్మలో తప్పు దొరికితే దిద్దలేం కనుక నేను దాని జోలికి అరుదుగా వెళ్తాను. సింపై కాక వేరే గణిత ప్రోగ్రాములైతే, మ్యాక్సిమా వాడేవారికి ‘టెక్స్1’ స్ట్రింగ్ ఇస్తుంది, మ్యాథమేటికాలో ‘టెక్స్‌ఫార్మ్’ ఉంది.

ఫైలు రాసే ముందు నా ప్రోగ్రామ్ ప్రతి జవాబునూ అవకలనం చేసి, అందులోంచి ప్రశ్నలోని సమాసాన్ని తీసివేసి, ‘సింప్లిఫై’ చేస్తుంది. సున్నా రాకపోతే ఆ లెక్క వేరే జాబితాలోకి వెళ్తుంది. సింపై సూక్ష్మీకరించలేకపోయిన సరైన జవాబులూ వాటిలో ఉంటాయి కాబట్టి, ఆ జాబితాను మాత్రం కాగితం మీద నేనే చేసి చూస్తాను.