మనం తిరిగే దారిని బట్టి మోటారు సైకిళ్లను పోల్చడం ఎలా

దక్షిణ ఒడిశాలో పర్లాకిమిడిలోనో, గుణుపురంలోనో, రాయగడలోనో మోటారు సైకిళ్లంటే ఇష్టమున్న మనవాళ్లు నలుగురు కలిస్తే, మాటలు తొందరగానే ఎవరి బండి గొప్పదన్న చోటికి చేరతాయి. ఇంట్లో ఉన్న బండినీ, ఏళ్లుగా మనసులో నిలిచిన బండినీ, రేపు కొనదలచిన బండినీ ఒకే కొలతతో కొలవడం వల్లనే ఆ చర్చ ఎప్పుడూ తేలకుండా మిగిలిపోతుంది. ఉన్న బండిని లెక్కలతో, అభిమానించే బండిని అందులో మనకు నచ్చిన గుణంతో, కొనబోయే బండిని మనం నిజంగా తిరిగే దారితో కొలవాలి. మన దారి ఒక రకంగా ఉండదు. పర్లాకిమిడి దాటితే పాతపట్నం, టెక్కలి వైపు సాఫీగా సాగే రోడ్డు. సాలూరు దాటితే సుంకి మీదుగా కోరాపుట్ వైపు ఎక్కే ఘాట్. గుణుపురం చుట్టుపక్కల పల్లెలకు వానాకాలంలో బురదయ్యే దారులు. ఈ మూడింటినీ మరచి చేసిన పోలిక ఇక్కడ పనికిరాదు.

ముందుగా ఉన్న బండితో మొదలుపెట్టాలి. మైలేజీ గురించి నోటి లెక్క చెప్పకుండా, ట్యాంకు నిండా పెట్రోలు పోయించి, ట్రిప్ మీటరు సున్నా చేసి, మళ్లీ అదే బంకులో, బండిని అదే విధంగా నిటారుగా నిలిపి, అదే మట్టం వరకు పోయించి, తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగించాలి. బండి పక్క స్టాండు మీద ఒరిగి ఉంటే ట్యాంకులో మట్టం మారుతుంది కనుక నిటారుగా నిలపడం ముఖ్యం. ఒక్కసారి వచ్చిన అంకెను నమ్మకుండా, వరుసగా కొన్నిసార్లు చూసి సగటు తీయాలి. మైదానపు లెక్కనూ ఘాట్ లెక్కనూ వేరుగా రాసుకోవాలి. ఘాట్ లెక్కలో ఎక్కడం, దిగడం రెండూ ఉండి తీరాలి. దీనితోపాటు టైర్లు, చెయిన్ సెట్టు, బ్రేక్ షూలు ఎన్ని కిలోమీటర్లకు మార్చవలసి వచ్చిందో, సామాను ఏ ఊరి నుంచి తెప్పించవలసి వచ్చిందో రాసి పెట్టుకోవాలి. అన్నిటికంటే విలువైనది ఇంకొకటి ఉంది. ఘాట్‌లో లోడు లారీని దాటబోయి వెనక్కి తగ్గినప్పుడో, వెనుక కూర్చున్నవారు నడుము నొప్పి అన్నప్పుడో, రాత్రి దీపం వెలుతురు చాలనప్పుడో, బండి ఏ విషయంలో తక్కువైందో ఆ రోజే రాసుకోవాలి. కొత్త బండిలో ఏం వెతకాలో ఆ రాతలే చెబుతాయి.

అభిమానించే బండి విషయంలో అడగవలసిన ప్రశ్న ఒక్కటే: అందులో మనకు నచ్చినది సరిగ్గా ఏమిటి? మన వైపు ఈ మాట వస్తే ముందుగా వినిపించే పేరు యమహా ఆర్ఎక్స్ 100. ఆ బండి మన దేశంలో 1985 నుంచి 1996 వరకు తయారైంది. 98 సీసీ టూ స్ట్రోక్ ఇంజను, 11 హార్స్ పవర్, బరువు వంద కిలోలకు కాస్త ఎక్కువ. టూ స్ట్రోక్ ఇంజనులో పెట్రోలు ప్రతి చుట్టుకూ ఒకసారి మండుతుంది, ఫోర్ స్ట్రోక్ ఇంజనులో రెండు చుట్లకు ఒకసారి మండుతుంది. దాదాపు అంతే సీసీ ఉన్న స్ప్లెండర్ ప్లస్ సుమారు 8 హార్స్ పవర్ దగ్గర ఆగిపోవడానికి ముఖ్యకారణం ఇదే. కాలుష్య నిబంధనలు బిగిసేకొద్దీ ఆ రకం ఇంజన్లు మార్కెట్టు నుంచి తప్పుకున్నాయి. నచ్చినది తేలిక బరువూ, చెప్పగానే అందుకునే పికప్పూ అయితే, సుమారు 145 కిలోల బరువుతో 17 హార్స్ పవర్ దాటిన అపాచీ ఆర్టీఆర్ 160 4వీ ఒక్కో హార్స్ పవర్‌కు మోయవలసిన బరువులో దానికంటే మెరుగ్గానే నిలుస్తుంది. నచ్చినది ఆ శబ్దమూ, ఆక్సిలరేటరు తిప్పగానే ఒక్కసారిగా ఎగదన్నే ఆ ఊపూ అయితే, అది కొత్త బండిలో దొరకదు, పాతదే వెతుక్కోవాలి. అలా కొనేవారు ఇంజను నంబరూ చాసిస్ నంబరూ ఆర్‌సీతో సరిపోలాయో లేదో స్వయంగా చూసుకోవాలి. పదిహేనేళ్లు దాటిన బండికి రిజిస్ట్రేషను పునరుద్ధరించారా, ఎప్పటి వరకు చెల్లుతుంది అన్నదీ చూడాలి. టూ స్ట్రోక్ బండికి ఇంజను బ్రేకింగ్ (ఆక్సిలరేటరు వదిలితే ఇంజనే బండిని పట్టి ఉంచడం) చాలా తక్కువ కనుక సుంకి ఘాట్ దిగేటప్పుడు భారమంతా బ్రేకుల మీదే పడుతుందని కూడా గుర్తుంచుకోవాలి.

ఇక కొనబోయే బండి. కంపెనీ కాగితంలోని అంకెలను ఖాళీ బండితో కాకుండా, మనం మోయించే బరువుతో కలిపి చదవాలి. ఇద్దరు మనుషులూ ఒక సంచీ కలిపి 150 కిలోలు అనుకుందాం. స్ప్లెండర్ ప్లస్ బరువు 112 కిలోలు; ఖాళీగా ఉన్నప్పుడు ఒక్కో హార్స్ పవర్ 14 కిలోలు మోస్తుంది, ఇద్దరు ఎక్కి సంచి పెట్టగానే అది దాదాపు 33 కిలోలకు చేరుతుంది. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 బరువు 195 కిలోలు, శక్తి 20.2 హార్స్ పవర్. అక్కడ ఆ లెక్క సుమారు 10 నుంచి 17కు పెరుగుతుంది. అంటే అదే బరువు చిన్న బండి మీద రెండింతలకు మించి ప్రభావం చూపితే, పెద్ద బండి మీద రెండింతలు కూడా కాదు. ఒంటరిగా ఆఫీసుకు వెళ్లివచ్చేవారికి స్ప్లెండర్ చాలినంత బండి ఎందుకో, కుటుంబంతో రాయగడ మజ్జిగౌరమ్మ దర్శనానికి వెళ్లేటప్పుడు అదే బండి ఎందుకు ఆయాసపడుతుందో ఈ ఒక్క లెక్కలో తెలుస్తుంది. హీరో ఎక్స్‌పల్స్ 200 4వీ సుమారు 160 కిలోలు, 18.9 హార్స్ పవర్ కనుక బరువు ఎక్కిన తరువాత క్లాసిక్‌తో దాదాపు సమానంగా నిలుస్తుంది. 2023 నవంబరులో వచ్చిన హిమాలయన్ 450 సుమారు 40 హార్స్ పవర్‌తో, 196 కిలోల బరువుతో, ఈ లెక్కలో 9 కిలోల లోపే ఉండిపోతుంది.

శక్తి ఎంత అన్నదానితోపాటు, అది ఇంజను ఎంత వేగంగా తిరిగినప్పుడు వస్తుందన్నదీ చూడాలి. క్లాసిక్ తన పూర్తి టార్కు (ఇంజను తిప్పే బలం) 27 న్యూటన్ మీటర్లను 4,000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజను తిరిగే చుట్లు) దగ్గరే ఇస్తుంది, ఎక్స్‌పల్స్ 17.35 న్యూటన్ మీటర్లను 6,500 దగ్గర ఇస్తుంది. గేర్ల నిష్పత్తి వేరు కనుక ఈ రెండు అంకెలను నేరుగా పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పకూడదు. అయినా హెయిర్‌పిన్ మలుపులో వేగం పడిపోయినప్పుడు, క్లాసిక్ చాలాసార్లు అదే గేరులో లాగేస్తుందనీ, ఎక్స్‌పల్స్‌కు గేరు తగ్గించి ఇంజనును తిరగనివ్వవలసి వస్తుందనీ మాత్రం ఇవి ముందే చెబుతాయి. దీన్ని నేను లోపంగా చూడను. నడిపేవారి అలవాటును బట్టి ఎంచుకోవలసిన విషయం ఇది. ఎత్తు పెరిగేకొద్దీ గాలి పలచబడుతుందన్నదీ లెక్కలోకి తీసుకోవాలి. సుమారు 870 మీటర్ల ఎత్తున ఉన్న కోరాపుట్‌లో గాలి సాంద్రత సముద్రమట్టం కంటే 8 శాతం వరకు తక్కువ. ఒడిశాలో అతి ఎత్తైన 1,672 మీటర్ల దేవమాలి శిఖరం మీద ఆ తేడా 15 శాతం దాకా ఉంటుంది. ఇంజను శక్తి కూడా ఇంచుమించు అదే మేర తగ్గుతుంది. ఫ్యూయల్ ఇంజెక్షను ఉన్న బండి పెట్రోలును దానికి తగ్గట్టు సర్దుకుంటుంది, కార్బ్యురేటరు బండి సర్దుకోలేదు.

టెస్ట్ రైడ్ షోరూము ముందు రోడ్డు మీద ముగిసిపోతే దానివల్ల ప్రయోజనం తక్కువ. వీలైతే ఎక్కుడు ఉన్న చోటికి, వెనుక ఒకరిని కూర్చోబెట్టుకుని వెళ్లాలి. దిగేటప్పుడు ఎక్కిన గేరులోనే దిగుతూ, ఆక్సిలరేటరు వదిలితే ఇంజను బండిని ఎంత పట్టి ఉంచుతుందో గమనించాలి. బ్రేకు అదేపనిగా నొక్కి దిగితే అది వేడెక్కి పట్టు తగ్గుతుంది. 125 సీసీ దాటిన కొత్త బండ్లకు 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ (బ్రేకు గట్టిగా నొక్కినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) తప్పనిసరి అయింది, కానీ అది ముందు చక్రానికేనా రెండింటికీ ఉందా అని అడిగి తెలుసుకోవాలి. సీటు ఎత్తు క్లాసిక్‌కు 805 మిల్లీమీటర్లు, ఎక్స్‌పల్స్‌కూ హిమాలయన్‌కూ 825. గుంటలో ఆగవలసి వచ్చినప్పుడు ఆ రెండు సెంటీమీటర్ల తేడా కాలికి స్పష్టంగా తెలుస్తుంది. నేల నుంచి ఇంజను ఎత్తు క్లాసిక్‌కు 170 మిల్లీమీటర్లు, ఎక్స్‌పల్స్‌కు 220. హిమాలయన్ 450 అంటే నాకు చాలా ఇష్టం. అయినా రోజూ పల్లె దారుల్లో తిరిగేవారికి ఎక్స్‌పల్సే మేలంటాను, ఎందుకంటే బురదలో పడిన బండిని ఒక్కరే లేపవలసి వచ్చినప్పుడు 36 కిలోల తేడా చిన్నది కాదు.

ధరను పోల్చేటప్పుడు 350 సీసీ గీతను మరవకూడదు. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ వరకు ఉన్న బండ్ల మీద జీఎస్టీ 18 శాతం, ఆ పైన 40 శాతం. థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు తరగతి కూడా అదే గీత దగ్గర మారుతుంది, పైగా కొత్త బండికి ఐదేళ్లది ఒకేసారి కట్టాలి. అందువల్ల షోరూము ధరలను కాకుండా ఆన్ రోడ్ ధరలనే పక్కపక్కన పెట్టాలి.

సరిహద్దులో ఉన్నవారికి ఇంకొక లెక్క ఉంది. ధర తక్కువని శ్రీకాకుళం, విజయనగరం వైపు పాత బండి కొని ఒడిశాలో ఉంచుకుంటే, పన్నెండు నెలలు దాటేసరికి ఇక్కడి నంబరుకు మార్చుకోవలసి ఉంటుంది; దానికి మొదట రిజిస్టరు చేసిన కార్యాలయం నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తేవాలి, ఇక్కడ రోడ్ ట్యాక్సు కట్టాలి, అక్కడ మిగిలిన పన్ను వాపసుకు దరఖాస్తు పెట్టాలి. ఆ ఖర్చూ ఆ తిరుగుడూ కలిపితే చౌక బేరం చౌకగా ఉండకపోవచ్చు. సర్వీసు సెంటరు ఏ ఊరిలో ఉందో, క్లచ్ కేబులూ బ్రేక్ ప్యాడ్లూ మన ఊరి షెడ్డులో దొరుకుతాయో లేదో కొనకముందే మెకానిక్కును అడగాలి. నా దృష్టిలో పది హార్స్ పవర్ల తేడా కంటే ఇదే పెద్దది.

మిత్రుల బండ్లను మార్చుకుని నడిపి చూడడం అన్నిటికంటే మంచి పోలిక. దానికీ ఒక క్రమం ఉండాలి. రెండు బండ్ల టైర్లలో గాలి కంపెనీ చెప్పినంత ఉండేలా, చెయిన్లు సరిగా బిగించి ఉండేలా చూసుకుని, ఎక్కుడూ దిగుడూ మలుపులూ ఉన్న ఒకే దారిని ఎంచుకుని, వెనుక అదే మనిషిని కూర్చోబెట్టుకుని ఇద్దరూ రెండు బండ్లనూ నడపాలి. రెండవసారి వెళ్లేటప్పుడు దారి చేతికి అలవాటై ఆ బండే బాగున్నట్టు అనిపిస్తుంది కనుక, ఒకరు ఒక బండితో మొదలుపెడితే మరొకరు రెండో దానితో మొదలుపెట్టాలి. దిగిన వెంటనే ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా గేరు, బ్రేకు, సీటు, వణుకు, మలుపులో తీరు గురించి ఎవరిది వారు రాయాలి. వెనుక కూర్చున్నవారి చేత కూడా రాయించి, ముందుగా వారి కాగితం చదివి, ఆ తరువాత చర్చ మొదలుపెట్టాలి.