జాక్ ద రిప్పర్ ఎవరో తేలిపోయిందట అని వార్త వస్తే ఏం చూడాలి

కొన్నాళ్లకోసారి ఈ వార్త తిరుగుతూనే ఉంటుంది, 1888లో లండన్ వైట్‌చాపెల్‌లో ఆడవాళ్లను చంపినవాడెవడో ఎట్టకేలకు తెలిసిందని. చదవొద్దని నేననను, నాకూ ఇలాంటి కేసులంటే పిచ్చే. ఫార్వర్డ్ కొట్టేముందు మాత్రం కాస్త ఆగండి.

ముందు ఆ మనిషి ఆ రాత్రుల్లో ఎక్కడున్నాడో చూడండి. చిన్నప్పుడు ఎలా పెరిగాడు, ఫొటోలో చూపు ఎలా ఉంది, అవన్నీ తర్వాత. ఎక్కువమంది ఒప్పుకునే హత్యలు ఐదు: ఆగస్టు 31, సెప్టెంబర్ 8, సెప్టెంబర్ 30 (ఆ రాత్రే ఇద్దరు), నవంబర్ 9. ఈ తేదీలు కాగితం మీద రాసి పక్కన పెట్టుకోండి. మైకేల్ ఆస్ట్రాగ్ అనే దొంగ దశాబ్దాల పాటు అనుమానితుల జాబితాలో ఉన్నాడు, తీరా చూస్తే హత్యలప్పుడు ఫ్రాన్సులో కటకటాల వెనక ఉన్నాడు!

తర్వాత, ఆ పేరు ఎవరు చెప్పారో చూడండి. ఆస్ట్రాగ్ పేరు 1894లో మెల్విల్ మెక్‌నాటన్ అనే పోలీసు అధికారి రాసిన నోట్‌లోది. పెద్ద అధికారే, కాకపోతే లండన్ పోలీసుల్లో చేరిందే 1889లో. ఆ నోట్ చిత్తుప్రతిలో డ్రూయిట్ అనే ఇంకో అనుమానితుణ్ణి 41 ఏళ్ల డాక్టరని రాశాడు. డ్రూయిట్ లాయరు, బడిలో పాఠాలు కూడా చెప్పేవాడు, చనిపోయేనాటికి వయసు 31.

ఇక డీఎన్ఏ అనగానే అందరూ చేతులెత్తేస్తారు, అక్కడే ఎక్కువ జాగ్రత్త కావాలి. 2014లో, మళ్లీ 2019లో ఒక శాలువా ఆధారంగా కోస్మిన్‌స్కీ అనే ఇంకో అనుమానితుడే హంతకుడన్నారు. అది సెప్టెంబర్ 30న చనిపోయిన ఇద్దరిలో ఒకరైన కేథరిన్ ఎడ్డోస్ శవం దగ్గర సింప్సన్ అనే పోలీసు తీసుకున్నదట. ఎడ్డోస్ చనిపోయిన మైటర్ స్క్వేర్ సిటీ పోలీసుల పరిధి, సింప్సన్ పనిచేసింది మెట్రోపాలిటన్ పోలీసుల్లో, అది వేరే దళం. పైగా ఆమె ఒంటి మీది బట్టలూ జేబుల్లోని సామాన్లూ, టీపొడి డబ్బా చక్కెర డబ్బాతో సహా, పోలీసులు రాసిపెట్టారు, అందులో ఈ శాలువా లేదు. పోనీ శాలువా నిజమే అనుకుందాం, పరీక్షలో ఎక్కువగా వాడింది మైటోకాండ్రియల్ డీఎన్ఏ. అది తల్లి నుంచి వస్తుంది, ఒకే రకం వేలమందిలో ఉండొచ్చు. ఒకణ్ణి కాదని చెప్పడానికి పనికొస్తుంది గానీ వీడేనని తేల్చడానికి చాలదు.

చేతిరాత కలిసిందంటే, దేనితో కలిసిందని అడగండి. జాక్ ద రిప్పర్ అన్న పేరే 1888 సెప్టెంబర్‌లో ఒక వార్తాసంస్థకు వచ్చిన ఉత్తరంలోది. అది ఎవరో విలేకరి పనేనని అప్పటి పోలీసు అధికారులే అనుమానించారు.

ఇంకోటి, అనుమానితుల జాబితాలోంచి ఒకణ్ణి ఎంచుకోవాలన్న టెన్షన్ అక్కర్లేదు. కాలిఫోర్నియాలో గోల్డెన్ స్టేట్ కిల్లర్ కేసులో ఏళ్లపాటు ఎంతోమందిని అనుమానించారు. 2018లో, వంశవృక్షాల వెబ్‌సైట్‌లో దూరపు బంధువుల డీఎన్ఏ పట్టుకుని వెళ్తే దొరికినవాడు జోసెఫ్ డీఆంజెలో, ఒకప్పటి పోలీసు. దర్యాప్తులో అంతకుముందు రాని పేరు అది.