తక్కువ బరువుతో పుట్టిన బిడ్డను గుండెకు కట్టుకుని పెంచడం ఎలా?

రెండున్నర కిలోల లోపు బరువుతో పుట్టిన బిడ్డకు పాలెంత ముఖ్యమో వెచ్చదనమూ అంతే ముఖ్యం. ఒంట్లో కొవ్వు తక్కువ, చర్మం పలుచన. తాగిన నాలుగు చుక్కల పాలూ ఒళ్లు కాచుకోవడానికే సరిపోతే ఇక బరువెలా పెరుగుతుంది? అందుకే బిడ్డను తల్లి రొమ్ముల మధ్య, చర్మానికి చర్మం తగిలేలా కట్టుకోమంటారు. ఆసుపత్రుల్లో దీన్ని కంగారూ మదర్ కేర్ అంటారు. నర్సుల నోట అది కేఎంసీ. 1978లో కొలంబియాలోని బొగోటాలో, బిడ్డను వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్ పెట్టెలు చాలక ఎడ్గార్ రే అనే డాక్టరు మొదలుపెట్టిన పద్ధతి ఇది.

ఇంక్యుబేటర్ లేనప్పటి సర్దుబాటే కదా అని తీసిపారేయకండి. మన దేశంతో కలిపి ఐదు దేశాల ఆసుపత్రుల్లో జరిగిన అధ్యయనం ఫలితాలు 2021లో వచ్చాయి. ఒకటి నుంచి 1.8 కిలోల లోపు పిల్లలకు, స్థిమితపడేదాకా ఆగకుండా పుట్టిన వెంటనే ఇది మొదలుపెడితే, తొలి 28 రోజుల్లో మరణాలు నాలుగో వంతు తగ్గాయి. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా నెలలు నిండని, బరువు తక్కువ పిల్లలందరికీ రోజుకు 8 నుంచి 24 గంటలు ఇలా ఉంచమని చెప్పింది.

ఒడిశాలోని మా పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తల్లులు ఆసుపత్రిలో ఇది చక్కగానే చేస్తారు. ఇంటికొచ్చాకే ఆగిపోతుంది. తల్లికి చేతకాక కాదు, ఆమెను కూర్చోనివ్వక. కాబట్టి ఈ పాఠంలో సగం ఇంట్లోవాళ్లకే.

డిశ్చార్జికి ముందు

నర్సు కట్టి చూపించడం కాదు, ఆమె చూస్తుండగా మీరే కట్టండి, విప్పండి. పక్కన మీ అత్తగారో అమ్మో ఉంటే వాళ్లచేతా కట్టించండి. పుట్టింటికి వెళ్లేవాళ్లు ఇంకో పని చేయాలి. కోడలు ఒడిశాలో, పుట్టిల్లు ఆంధ్రాలోని పాతపట్నంలో అన్నది మాకు మామూలే. ఆశా కార్యకర్త ఆసుపత్రిలో పుట్టిన బిడ్డను 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికొచ్చి చూడాలి. మీరు సరిహద్దు దాటి వెళ్లిపోతే ఇక్కడి ఆశా దీదీ తాళం వేసిన ఇల్లు చూసి వెళ్తుంది, అక్కడి ఆశా అక్కకు మీరు వచ్చినట్టే తెలియదు. ఇద్దరికీ ముందే ఫోన్ చేసి చెప్పండి. డిశ్చార్జి కాగితం, తల్లీబిడ్డల కార్డు ఎప్పుడూ వెంట ఉండాలి. కార్డు ఒడియాలో ఉండి చదవలేకపోతే ఏ గడిలో ఏముందో అడిగి తెలుసుకోండి, మొహమాటం వద్దు.

కట్టుకోవడం

పాత నూలు చీర ముక్క చాలు, కొత్తది గరుకు. ముందు హుక్కులున్న జాకెట్టో నైటీయో వేసుకోండి, లోపల బ్రా వద్దు. బిడ్డకు టోపీ, సాక్సులు, లంగోటీ మాత్రమే. చేతులు సబ్బుతో కడుక్కోండి. ఒంటికి పౌడరు, సెంటు రాయకండి.

మంచం మీద దిళ్లు ఆనించుకుని కాస్త వెనక్కి వాలి కూర్చోండి. ఒక చెయ్యి మెడ కింద, ఒకటి పిరుదుల కింద పెట్టి బిడ్డను నిలువుగా రొమ్ముల మధ్యకు తెచ్చుకోండి. తల ఒక పక్కకు తిప్పి, గడ్డం కొద్దిగా పైకి ఉంచండి. అసలు చూడాల్సింది ఇక్కడే. గడ్డం గుండెల మీదికి వంగిపోతే ఊపిరి ఆడదు, మరీ వెనక్కి వాల్చినా అంతే. కాళ్లు కప్పలా మడిచి ఎడంగా ఉండాలి, చేతులు కూడా మడిచి ఉండాలి. బిడ్డ పొట్ట మీ పొట్ట పైభాగానికి ఆనుతుంది. మీ ఊపిరి కదలిక బిడ్డకు తెలుస్తుంటుంది.

ఇప్పుడు గుడ్డ చుట్టండి. పై అంచు బిడ్డ చెవి కిందికి రావాలి. ఛాతీ దగ్గర బిగువుగా, పొట్ట దగ్గర వదులుగా ఉండాలి. మీరు లేచి నిలబడితే బిడ్డ జారకూడదు, పొట్ట ఉబ్బడానికి చోటూ ఉండాలి. ముక్కు, నోరు మీకు ఎప్పుడూ కనిపిస్తుండాలి. ఆ తర్వాత జాకెట్టు, పైన శాలువా.

కట్టుకున్నాక గంటకు తక్కువ కాకుండా ఉంచండి. పది నిమిషాలకోసారి తీసి పెడుతుంటే బిడ్డ అలసిపోతుంది. నడవచ్చు, ఫోన్లో మాట్లాడుకోవచ్చు. పొయ్యి దగ్గరికి మాత్రం వెళ్లకండి. నిద్రొస్తే వీపు వాల్చి సగం కూర్చున్నట్టుగా పడుకోండి. వెల్లకిలా, పక్కకు తిరిగి పడుకోవద్దు.

కొండల మీద ఆర్.ఉదయగిరి, కోరాపుట్ వైపు చలికాలంలో ఇది సుఖంగానే ఉంటుంది. బరంపురం ఎండల్లో తల్లికి చెమటలు పడతాయి. అప్పుడు శాలువా తీసేసి పలుచటి గుడ్డ వాడండి, ఫ్యాను గాలి నేరుగా తగలకుండా చూడండి. థర్మామీటరులో బిడ్డ ఒళ్లు 36.5 నుంచి 37.5 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే సరి. మంచం కింద కుంపటి, గదిలో సాంబ్రాణి పొగ అక్కర్లేదు. పొగ ఆ చిన్న ఊపిరితిత్తులకు పడదు.

పాలు

రెండు గంటలకోసారి, రాత్రి కూడా. రొమ్ము పట్టలేని బిడ్డకు పాలు పిండి ఉగ్గుగిన్నెతో పట్టండి. నాయనమ్మల నాటి ఆ గిన్నే ఆసుపత్రుల్లోనూ వాడతారు. పాల సీసా వద్దు. గిన్నె మూతి కింది పెదవికి ఆనించి ఆగండి, బిడ్డ నాలుక చాచి తనే తీసుకుంటుంది. గొంతులో పోయకండి. పిండిన పాలను గది వేడిలో నాలుగు గంటలు దాటనివ్వకండి, వేసవిలో ఇంకా ముందే వాడేయండి. తేనె, పంచదార నీళ్లు, కంటికి కాటుక ఏవీ వద్దు.

ఇంట్లోవాళ్లు

"ఏటమ్మా, అస్తమానం ఎత్తుకునే ఉంటే చేతి అలవాటైపోద్ది" అని పెద్దవాళ్లు అంటారు. ఎదురు చెప్పి గొడవ పడడం కంటే, "అత్తా, నేను స్నానం చేసొచ్చేదాకా మీరు కట్టుకోండి" అని బిడ్డను ఇవ్వండి. గుండె మీద ఆ బిడ్డ నిద్రపోవడం చూశాక ఆవిడే నర్సు అవుతుంది. తండ్రి చొక్కా విప్పి కట్టుకోవచ్చు. మగాళ్లు సిగ్గుపడతారుగానీ వాళ్ల ఒళ్లు కూడా వెచ్చనే. తల్లి రోజుకు ఎనిమిది గంటలు కూర్చోవాలంటే వంట, గిన్నెలు, నీళ్లు ఎవరు చూస్తారో ముందే తేల్చుకోండి. చూడ్డానికొచ్చే చుట్టాలు దగ్గుతో ఉంటే గుమ్మంలోంచే పలకరిస్తారు, అంతే.

ఎప్పుడు ఆసుపత్రికి పరుగెత్తాలి?

రోజుకు నాలుగైదుసార్లు అరికాలు, పొట్ట తాకి చూడండి. పొట్ట వెచ్చగా, అరికాలు చల్లగా ఉంటే బిడ్డకు చలి మొదలైనట్టు. వెంటనే కట్టుకోండి. రెండూ చల్లగా ఉంటే ఆసుపత్రికి బయల్దేరండి, దారిలోనూ బిడ్డను గుండెకే కట్టుకుని ఉంచండి. పాలు తాగకపోయినా, నిమిషానికి 60 సార్ల కంటే ఎక్కువ ఊపిరి తీస్తున్నా, డొక్కలు లోపలికి పోతున్నా, ఫిట్స్ వచ్చినా, అరచేతులు, అరికాళ్లు పసుపెక్కినా 108కి ఫోన్ చేయండి. రేపు పొద్దున్న చూద్దాం అనే మాట వద్దు.

ఎప్పటిదాకా?

మొదటి వారంలో బరువు కాస్త తగ్గుతుంది, టెన్షన్ పడకండి. రెండో వారం నుంచి కిలో బరువుకు రోజుకు 15 గ్రాములైనా పెరగాలి. ఆశా దీదీ తూకంలో పెరగకపోతే డాక్టరుకు చూపించండి. రెండున్నర కిలోలు దాటాక బిడ్డే కాళ్లు తన్ని, గింజుకుని, ఏడ్చి బయటికి వస్తానంటుంది. అప్పుడు ఆపేయవచ్చు. చలి రాత్రుల్లో, స్నానం చేయించాక మాత్రం ఇంకొన్నాళ్లు కట్టుకోండి.