ట్యూబా, ట్యూబ్‌లెస్సా? అడ్వెంచర్ బైకుకు టైరు కొనేముందు జాగ్రత్తలు

• ముందు రిమ్ము చూడండి. చువ్వలు రిమ్ము మధ్యలోంచి దూరి ఉంటే సాధారణంగా ఆ రంధ్రాల గుండా గాలి పోతుంది, ట్యూబు తప్పదు. చువ్వలు అంచులకు బిగించి ఉంటే, లేదా అల్లాయ్ చక్రమైతే ట్యూబ్‌లెస్ పడుతుంది. అయినా రిమ్ము మీద, టైరు పక్కన ఉన్న ముద్ర చదివే కొనండి.

• రాళ్ల దారులే ఎక్కువా? రిమ్ము అంచు వంగితే ట్యూబ్‌లెస్‌లో గాలి నిలవదు. ట్యూబు ఉంటే నెమ్మదిగానైనా బయటపడవచ్చు. తారు రోడ్డుకు మాత్రం నా ఓటు ట్యూబ్‌లెస్‌కే: మేకు దిగినా గాలి ఒక్కసారిగా పోదు, చక్రం విప్పకుండానే చిల్లులో రబ్బరు ప్లగ్గు వేసుకోవచ్చు.

• ట్యూబు వాడేవారు బయలుదేరే ముందే ఒకసారి మార్చి చూడండి. అలవాటు లేకపోతే లివరు (టైరును రిమ్ము నుంచి ఊడదీసే పట్టీ) కొన గుచ్చుకుని కొత్త ట్యూబుకే చిల్లు పడవచ్చు.

• గాలి పంపు ట్యూబు వాడేవారికీ, ట్యూబ్‌లెస్ వాడేవారికీ అవసరమే.