రోబో చూపు - 4వ పాఠం: రెండు కెమెరాలతో దూరం కొలవడం

గత పాఠంలో ఒక్క కెమెరాతో ఎర్ర బంతిని గుర్తించాం. అది చిత్రంలో ఎక్కడుందో తెలిసింది, ఎంత దూరంలో ఉందో తెలియలేదు. దగ్గరున్న చిన్న బంతి, దూరంగా ఉన్న పెద్ద బంతి చిత్రంలో ఒకేలా పడతాయి మరి.

ముఖానికి జానెడు దూరంలో చూపుడు వేలు నిలబెట్టి, కళ్లు మార్చి మార్చి మూయండి. వెనక గోడ మీద వేలు అటూ ఇటూ గెంతుతుంది. చెయ్యి బాగా చాపితే ఆ గెంతు తగ్గుతుంది. ఈ గెంతునే పిక్సెళ్లలో కొలిస్తే డిస్పారిటీ. కెమెరాల జంటకు దూరం నేరుగా కనిపించదు, కనిపించేది ఇదొక్కటే. దూరాన్ని మనం లెక్కగట్టాలి:

దూరం = ఫోకల్ లెంగ్త్ × కెమెరాల ఎడం ÷ డిస్పారిటీ

ఫోకల్ లెంగ్త్ అంటే లెన్స్ వస్తువును చిత్రంలో ఎంత పెద్దగా చూపుతుందో చెప్పే కొలత, ఇక్కడ దాన్నీ పిక్సెళ్లలోనే తీసుకుంటాం.

ఒకే మోడల్ చిన్న యూఎస్‌బీ కెమెరాలు రెండు తీసుకోండి. ఫిక్స్‌డ్ ఫోకస్‌వైతే మేలు. ఆటోఫోకస్ ఉంటే ఆపేయండి, లెన్స్ కదిలితే ఫోకల్ లెంగ్త్ మారిపోతుంది. లెన్సుల మధ్య 6 సెం.మీ. ఎడం ఉండేలా అల్యూమినియం పట్టీకి స్క్రూలతో బిగించండి. డబుల్ టేప్ వద్దు, వేడికి జారుతుంది.

ఫోకల్ లెంగ్త్ తెలుసుకోవడానికి ఏ4 కాగితాన్ని అడ్డంగా, సరిగ్గా 100 సెం.మీ. దూరంలో కెమెరాకు ఎదురుగా పెట్టండి. దాని వెడల్పు 29.7 సెం.మీ. 640×480 చిత్రంలో అది 178 పిక్సెళ్లు వచ్చిందనుకుందాం. 178 × 100 ÷ 29.7, అంటే ఫోకల్ లెంగ్త్ సుమారు 600 పిక్సెళ్లు. దీన్ని 6తో గుణిస్తే 3600. ఇక ఏ దూరమైనా 3600ను డిస్పారిటీతో భాగించడమే.

ఇక్కడ కాస్త ఆగి లెక్క వేయండి, పాఠంలో అసలు సంగతి ఇదే. 1 మీటరు దూరంలో డిస్పారిటీ 36. ఒక్క పిక్సెల్ తగ్గి 35 వస్తే జవాబు 103 సెం.మీ., పెద్ద నష్టం లేదు. 3 మీటర్ల దగ్గర డిస్పారిటీ 12. అది 11 అయితే 327 సెం.మీ. 6 మీటర్ల దగ్గర 6 కాస్తా 5 అయితే 720! దూరం రెట్టింపైతే తప్పు దాదాపు నాలుగింతలవుతుంది. ఎడం పెంచితే తప్పు తగ్గుతుంది కానీ, దగ్గరి వస్తువులు ఒక చిత్రంలో పడితే రెండోదాంట్లో పడవు. ఇంట్లో తిరిగే రోబోకు 6 సెం.మీ. చాలు.

తర్వాత కాలిబ్రేషన్, అంటే కెమెరాల వంకరను కొలిచి లెక్కలో సరిచేయడం. సాఫ్ట్‌వేర్ ఒక బిందువుకు జోడీని రెండో చిత్రంలో అదే అడ్డవరుసలో వెతుకుతుంది. ఒక కెమెరా కాస్త వంగితే జోడీ పక్క వరుసకు పోయి దొరకదు. 10×7 గళ్ల చదరంగం బోర్డు ప్రింటు తీసి గట్టి అట్టకు అంటించండి. గడి కొలత స్కేలుతో సరిచూడండి, ప్రింటర్లు పేజీకి సరిపెట్టడానికి కుదిస్తాయి. వేర్వేరు కోణాల్లో 20-30 జతల ఫొటోలు తీయండి. కోడ్‌లో ఇవ్వాల్సింది గళ్ల సంఖ్య కాదు, లోపలి మూలల సంఖ్య: 9×6. బోర్డు దొరకలేదని వచ్చే ఎర్రర్‌కు చాలాసార్లు ఇదే కారణం. రీప్రొజెక్షన్ ఎర్రర్ (లెక్క ప్రకారం మూలలు పడాల్సిన చోటికీ, ఫొటోలో పడిన చోటికీ తేడా) 0.5 పిక్సెల్ లోపు రాకపోతే మసకబారిన ఫొటోలు తీసేసి మళ్లీ చేయండి.

ఓపెన్‌సీవీ అనే చిత్రాల సాఫ్ట్‌వేర్‌లో జోడీలు వెతికే స్టీరియో‌బీఎంలో డిస్పారిటీల సంఖ్య (ఎన్ని పిక్సెళ్ల గెంతు దాకా వెతకాలో) 64, బ్లాక్ సైజు (పోల్చే చిత్రపు ముక్క కొలత) 15 పెట్టండి. మొదటిది 16 గుణిజం, రెండోది బేసి సంఖ్య కావాలి. 64 పెడితే 3600 ÷ 64, సుమారు 56 సెం.మీ. కన్నా దగ్గరున్నది రోబోకు కనిపించదు. వచ్చే డిస్పారిటీ విలువలు 16 రెట్లు ఉంటాయి. 16తో భాగించడం మరిస్తే మీటరు దూరంలోని కుర్చీ 6 సెం.మీ. దగ్గరున్నట్టు చూపి రోబో నిలబడిపోతుంది.

రోబో తిరిగేటప్పుడే దూరాలు చెడిపోతుంటే ఫొటోలు ఒకే క్షణంలో రావడం లేదన్నమాట. రెండు కెమెరాలకూ ముందు గ్రాబ్ (ఫొటో పట్టే ఆదేశం), ఆ తర్వాతే రిట్రీవ్ (పట్టిన ఫొటోను విప్పి ఇచ్చే ఆదేశం) పిలవండి.

అభ్యాసం: అట్టపెట్టెకు వార్తాపత్రిక అంటించి 80, 120, 200, 300 సెం.మీ. దూరాల్లో కొలిచి, టేపు కొలతతో పోల్చి రాయండి. తర్వాత పెట్టె తీసేసి, తెల్లటి సున్నపు గోడను కొలవండి. డిస్పారిటీ మ్యాప్‌లో, అంటే ప్రతి పిక్సెల్‌కూ డిస్పారిటీ చూపే చిత్రంలో, పెద్ద ఖాళీలు వస్తాయి. నున్నటి గోడలో ఏ చుక్కకు ఏది జోడీయో పోల్చుకునే గుర్తే ఉండదు. 2010లో వచ్చిన మైక్రోసాఫ్ట్ ఆటల కెమెరా కినెక్ట్, కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ చుక్కలు గోడ మీద చల్లి ఈ చిక్కు విప్పింది. 5వ పాఠం ఆ చుక్కల గురించే.